కార్తీకంలో ఊరికి దూరంగా రెండు రాత్రులు: అడ్వాన్సు కట్టే ముందు

ప్రశ్న: మాది కావలి, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాం. అమ్మానాన్నల పెళ్లయి ఈ నవంబరుకు 45 ఏళ్లు నిండుతాయి. కార్తీకమాసం కాబట్టి వనభోజనం కూడా కలిసొస్తుందని, ఊరికి దూరంగా ఎక్కడైనా రెండు రాత్రులు అందరం కలిసి ఉండాలనుకున్నాం. మొత్తం పదకొండు మందిమి. నాన్నకు 72 ఏళ్లు, ఇన్సులిన్ వాడతారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అమెరికా నుంచి తమ్ముడి కుటుంబం వస్తోంది, డిసెంబరు చివరిదాకా ఉంటారు. వాళ్ల పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. రెండు చోట్లు చూసి పెట్టాం. ఒకటి రామాయపట్నం దగ్గర సరుగుడు తోటల మధ్య, సముద్రానికి కిలోమీటరు దూరం. రెండోది మార్కాపురం అవతల నల్లమల అంచున, మామిడితోటలో కాటేజీలు. ఫోటోలు రెండింటివీ బాగున్నాయి. ఏది ఎంచుకోవాలి? డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి? నాన్నకు చెప్పకుండా తీసుకెళ్లి ఆశ్చర్యపరుద్దామంటున్నాడు తమ్ముడు. మంచిదేనంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం, చోటు తర్వాత. నవంబరు వద్దు.

నెల్లూరు, ప్రకాశం తీరానికి పెద్ద వానలు వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా. బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టేదీ ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ రైలు పట్టాలూ రెండూ తెగాయి. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇంట్లో ఉంటే తుపాను రోజులు తలుపులేసుకుని గడిపేయవచ్చు. సరుగుడు తోటలో అలా కుదరదు. ఇసుకలో సరుగుడు వేళ్లు లోతుకు దిగవు, గాలికి చెట్లు వరసగా దారి మీదా కరెంటు తీగల మీదా పడతాయి. వాటిని నరికి తీసేదాకా లోపలి కారు లోపలే, బయటి అంబులెన్సు బయటే.

మీ తమ్ముడు డిసెంబరు చివరిదాకా ఉంటాడు కాబట్టి రెండు పనులూ విడదీయండి. కార్తీకంలో ఒక ఆదివారం కావలి చుట్టుపక్కల ఏదో తోటలో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా వనభోజనం పెట్టుకోండి. రెండు రాత్రుల బస డిసెంబరు 20, 28 మధ్య వేసుకోండి. అప్పటికి వానల జోరు తగ్గుతుంది, చలి ఇబ్బంది పెట్టేంత ఉండదు, చెరువులు నిండుగా ఉంటాయి. 30, 31 తేదీలు మాత్రం వద్దు. కొత్త సంవత్సరానికి కుర్రాళ్ల గుంపులు దిగుతాయి, సౌండు బాక్సులు మోగుతాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని నిబంధన ఉన్నా, ఊరి చివర దాన్ని పట్టించుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

చోటు విషయంలో మా మాట సూటిగా చెబుతాం. ఈ కుటుంబానికి రామాయపట్నం వైపే నయం. నల్లమల అంచు అందంగా ఉండదని ఈ మాట అనడం లేదు. ఇన్సులిన్ మీద ఉన్న పెద్దాయన, ఆరేళ్ల పిల్ల ఉన్న బృందానికి అర్ధరాత్రి ఆసుపత్రి ఎంత దూరమన్నదే మొదటి లెక్క కావాలి. రామాయపట్నం వైపు నుంచి జాతీయ రహదారి దగ్గర. కావలిలోనూ కందుకూరులోనూ ఏరియా ఆసుపత్రులున్నాయి, అవి చాలకపోతే ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో నెల్లూరు పెద్దాసుపత్రికో నాలుగు వరసల రోడ్డు మీద వెళ్లవచ్చు. మార్కాపురం అవతలి నుంచైతే ముందు మార్కాపురం చేరాలి, అక్కడ కుదరదంటే ఒంగోలుకు ఇంకో వంద కిలోమీటర్ల దగ్గర. ఆ దారిలో రాత్రి పూట లారీలు, పశువులు, చీకటి మలుపులు. అమ్మానాన్నలు లేకుండా మీరూ తమ్ముడూ వెళ్లే రోజున నల్లమల వైపు తప్పకుండా వెళ్లండి. ఆ ప్రయాణంలో శ్రీశైలం కలుపుకుంటే మాత్రం దోర్నాల నుంచి పైకి వెళ్లే అడవి దారి రాత్రిపూట మూసేస్తారు, సాయంత్రానికే గేటు దాటేలా చూసుకోండి.

రామాయపట్నమే ఖాయమనుకున్నా, ఆ ఫలానా బస మంచిదో కాదో ఇంకా తేలలేదు. ఫోటోలో కనిపించేది గది. పట్నంలో కరెంటు, నీళ్లు, మందుల షాపు, డాక్టరు అన్నీ వీధిలోనే ఉంటాయి కాబట్టి హోటలుకు గది ఒక్కటే సరిపోతుంది. ఊరికి దూరంగా ఉన్న చోట ఇవన్నీ ఆ యజమానే సమకూర్చాలి. అందుకని మీరు అడిగే ప్రశ్నలు చివరి మూడు కిలోమీటర్ల దారి గురించీ, రాత్రి గురించీ ఉండాలి.

ఫోను చేయకముందే ఒక పని చేయండి. యజమానిని మ్యాపు లొకేషన్ పంపమని మెసేజిలో అడిగి, దాన్ని శాటిలైట్ బొమ్మలో తెరిచి చుట్టూ రెండు కిలోమీటర్లు చూడండి. దీర్ఘచతురస్రాలుగా నీలం, ఆకుపచ్చ నీళ్ల మడులు వరసగా ఉంటే అవి రొయ్యల గుంటలు. రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల హోరు ఉంటుంది, గుంట ఎండగట్టినప్పుడు బురద కంపు కూడా. సన్నగా పొడవుగా రేకుల కప్పులు పక్కపక్కన ఉంటే కోళ్ల ఫారాలు, అంటే ఈగలు. మెట్లుమెట్లుగా దిగిన తెల్లటి గోతులు కనిపిస్తే క్వారీ. చీమకుర్తి చుట్టుపక్కలైతే పేలుళ్లు, లారీలు రెండూ ఉంటాయి. రామాయపట్నంలో పోర్టు పనులు జరుగుతున్నాయి, కాబట్టి లారీలు ఏ దారిన తిరుగుతాయో అడగండి. ఆ దారి మీ బసకు అర కిలోమీటరులోపు ఉంటే మీరు వెతుకుతున్న నిశ్శబ్దం అక్కడ దొరకదు. బొమ్మ ఎప్పుడు తీసిందో కూడా చూసుకోండి, తీరం వెంబడి రెండేళ్లలో తోటలు గుంటలైపోయిన చోట్లు చాలా ఉన్నాయి.

తర్వాత దారి. "రోడ్డు బాగుందా?" అని అడిగితే "బ్రహ్మాండం" అనే వస్తుంది. "వానలో మీ దగ్గరికి పాల వ్యాను వస్తుందా, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని అడగండి, అప్పుడు నిజం తెలుస్తుంది. ఇసుక నేలైతే టైర్లు కూరుకుపోతాయి, నల్లరేగడైతే తడిసిన గంటలోనే టైరుకు ముద్దకట్టి కారు జారుతుంది. పదకొండు మందికి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడతారు కదా, అది లోపల వెనక్కి తిరగడానికి చోటుందా, తోటలో తీగలు కిందికి వేలాడుతున్నాయా కనుక్కోండి. చీకటి పడకముందే, ఐదింటిలోపు చేరేలా బయల్దేరండి. ఇలాంటి చోట్లకు చివరి మలుపు దగ్గర బోర్డు ఉండదు, ఉన్నా రాత్రి కనపడదు.

సిగ్నలు ఉందో లేదో అడగడం కన్నా, యజమానిని మీకు ఇచ్చే కాటేజీలో కూర్చుని వీడియో కాల్ చేయమనండి. కాల్ నిలిస్తే సిగ్నలున్నట్టే. ఆ కాల్‌లోనే బాత్రూం, మంచం కింద, కిటికీ దోమతెర, గదినుంచి భోజనాల చోటుదాకా దారి చూపించమనండి. ఒక్క కంపెనీ సిగ్నలే ఉంటే మీలో ఒకరి ఫోనులో ఆ సిమ్ ఉండేలా చూసుకోండి. సిగ్నలు లేని చోట యూపీఐ కూడా పనిచేయదు, వంద రెండొందల నోట్లు దగ్గర పెట్టుకోండి.

కరెంటు దగ్గర చాలామంది ఒకే ప్రశ్నతో ఆగిపోతారు: "బ్యాకప్ ఉందా?" ఉందనే చెబుతారు. ఇన్వర్టరా, జనరేటరా, ఎంత కెపాసిటీ అని అడగాలి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటున్న ఇన్వర్టరు మామూలు ఫ్యాన్లు మూడు, లైట్లు నాలుగు నాలుగైదు గంటలు లాగుతుంది, అదీ బ్యాటరీ కొత్తదైతే. ఏసీకి పనికిరాదు. జనరేటరైతే లెక్క ఇలా వేసుకోండి. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది, గీజరు రెండు కిలోవాట్లు, నీళ్ల మోటారు ఒకటిన్నర. 15 కేవీఏ జనరేటరు నుంచి వాడుకోగలిగేది 12 కిలోవాట్లు. నాలుగు ఏసీలు, మోటారు, లైట్లు నడుస్తాయి. తెల్లవారుజామున నాలుగు గీజర్లు ఒకేసారి వేస్తే ట్రిప్పవుతుంది. 5 కేవీఏ అయితే రెండు ఏసీలతో సరి. 15 కేవీఏ యంత్రం గంటకు మూడు లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది, ఎనిమిది గంటల రాత్రికి పాతిక లీటర్లు. అంత డీజిల్ అక్కడ నిల్వ ఉంటుందా అని అడిగితే, నిజంగా జనరేటరు నడిపే యజమాని వెంటనే చెబుతాడు. నడపనివాడు తడబడతాడు. డిసెంబరులో ఏసీ లేకపోయినా గడుస్తుంది. మోటారు ఆగితే మాత్రం నీళ్లు ఆగుతాయి.

పదకొండు మందికి స్నానాలు, బాత్రూములు కలిపి రోజుకు 1,500 లీటర్లు పడుతుంది. 2,000 లీటర్ల ట్యాంకు మీ ఒక్కరికే ఉంటే కరెంటు లేకుండా ఒక రోజు గడుస్తుంది. అదే ట్యాంకు నుంచి వంటిల్లు, ఇంకో రెండు కాటేజీలు కూడా తీసుకుంటే మధ్యాహ్నానికే కుళాయి ఎండుతుంది. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగరాదు. తాగడానికి బోరు నీళ్లు వద్దు. కనిగిరి, మార్కాపురం వైపు ఇబ్బంది ఫ్లోరైడు. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాళ్లు పెరుగుతాయి. ఆర్వో నీళ్లు, సీలు తీయని 20 లీటర్ల క్యాన్లు చెప్పండి. తాగడానికి, టీకి, పప్పు ఉడకడానికి కలిపి రోజుకు మూడు క్యాన్లు. అమెరికా పిల్లలు పళ్లు తోముకునేటప్పుడు కూడా ఆ నీళ్లే వాడనివ్వండి.

బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంటే దాన్ని వాడకండి. తలుపు మూసిన చిన్న గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడు తయారవుతుంది. వాసన ఉండదు, దగ్గు రాదు, మనిషి అలాగే ఒరిగిపోతాడు. గీజరు బయటి గోడకు ఉంటేనే సరి. లేదంటే కట్టెల పొయ్యి మీద కాగులో కాచిన నీళ్లు బకెట్లతో తెప్పించుకోండి. జనరేటరు కూడా మీ కిటికీ పక్కన ఉండకూడదు, కారణం అదే.

అమ్మ కోసం ఎత్తు ఎక్కువున్న మంచం అడగండి, 18 అంగుళాలు తగ్గకుండా. వెస్టర్న్ కమోడు, దాని పక్కన పట్టుకోవడానికి కడ్డీ, స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ. బాత్రూం గడప ఎత్తుగా ఉందేమో వీడియోలో చూడండి. భోజనాల చోటుకు దగ్గరి కాటేజీ వాళ్లకే రాయించండి. గులకరాళ్లు పోసిన బాటలు ఫోటోలో బాగుంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అవే శిక్ష.

నాన్నగారి విషయంలో అసలు ప్రమాదం చాలామందికి తట్టదు. ఇలాంటి చోట్ల రాత్రి భోజనం ఆలస్యమవుతుంది. నెగడు వేస్తారు, పాటలు పాడతారు, కోడి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఆయన అలవాటు ప్రకారం ఎనిమిదింటికి సూది వేసుకుని తొమ్మిదిన్నరకు తింటే చక్కెర పడిపోతుంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ పళ్లెం ముందుకు వచ్చాకే వేసుకోవాలి. ఆయనకు ఎనిమిదింటికి విడిగా వడ్డించమని వంటమనిషికి ముందే చెప్పండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే 108. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను డిసెంబరులో గది చల్లదనానికి పాడవదు. తెరవనిది ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజరులో పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, అదనంగా ఒక పెన్ను, సూదులు మీ చేతిసంచిలో ఉండాలి. వ్యాను డాష్‌బోర్డు మీద పెట్టకండి.

ఇక పాములు, తేళ్లు. భయపడి ప్రయాణం మానుకోనక్కర్లేదు, పద్ధతి పాటిస్తే చాలు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. ఆ కాటు నొప్పి పెట్టదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే గ్యాసనుకుని మాత్ర వేసి పడుకోబెడతారు. అక్కడే ప్రాణం పోతుంది. అందుకని పిల్లల్ని "సరదాగా" కింద పరుపులేసి పడుకోబెట్టకండి. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపాలి. రక్తపింజర పొలం గట్ల మీదా ఎండుటాకుల్లోనూ ఉంటుంది, చెప్పుల్లేని కాలికి దాని కాటు తగులుతుంది. చీకటి పడ్డాక బూట్లు, చేతిలో టార్చి లేకుండా ఎవరూ గది దాటకూడదు, పెద్దవాళ్లతో సహా. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి. దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు (యూవీ) టార్చి ఒకటి కొనండి. ఆ వెలుతురులో తేళ్లు పచ్చగా మెరుస్తాయి. పడుకునే ముందు గది మూలలు, బాత్రూం, మంచం కోళ్ల దగ్గర ఒకసారి తిప్పితే నిశ్చింత. ఎర్రతేలు కుట్టిన పిల్లలకు ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే అది ఆసుపత్రి పనే.

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి గుడ్డతో చెయ్యో కాలో కదలకుండా కట్టండి, మనిషిని నడిపించవద్దు. కరిచిన సమయం కాగితం మీద రాయండి. పామును వెతుకుతూ పది నిమిషాలు పోగొట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇక్కడ ఒకటే విరుగుడు మందు ఇస్తారు. బయల్దేరేముందు రోజు యజమానిని, "విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రి డాక్టరు ఉంటారా, వెంటిలేటరు ఉందా?" అని అడగండి. చెప్పలేకపోతే మీరే కావలి, కందుకూరు ఆసుపత్రులకు ఫోను చేసి కనుక్కోండి. రాత్రి ఒక డ్రైవరు బసలోనే ఉండాలన్నది మా గట్టి సలహా. 108 వచ్చేలోపు ఎదురెళ్లి దారి మధ్యలో కలుసుకోవడానికి బండి కావాలి.

పాముల కన్నా పిల్లలకు ఎక్కువ ప్రమాదం నీళ్లతో. ఈ మధ్య తోటల్లో నీటి కుంట తవ్వి ప్లాస్టిక్ షీటు పరుస్తున్నారు. అందులో జారితే ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేరు, నాచు పట్టిన షీటు మీద కాలు నిలవదు. కంచె, కట్టి ఉన్న తాడు రెండూ లేని కుంట ఉన్న బసకు చిన్నపిల్లలతో వెళ్లవద్దు. పాత దిగుడు బావులకు గోడ లేకపోవడం ఇంకో సంగతి. ఈతకొలనులో అడుగున గచ్చు, నీళ్లు పోయే జాలీ మూత పైనుంచి స్పష్టంగా కనిపించాలి. నీళ్లు మసగ్గా ఉంటే ఎవర్నీ దింపకండి. లైఫ్‌గార్డు ఉండడు, కాబట్టి పిల్లలు దిగినంతసేపూ ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి గట్టు మీద కూర్చోవాలి, ఎవరి వంతు ఎప్పుడో ముందే అనుకోండి. సముద్రం దగ్గర మోకాలి లోతు దాటవద్దు. ఈ తీరంలో అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగుతుంది. రొయ్యల గుంటల గట్ల మీదికి ఫోటోల కోసం వెళ్లనివ్వకండి, ఏరియేటర్ల తీగలు తడి మట్టిలో పడి ఉంటాయి. నల్లమల వైపు వెళ్లే రోజున ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతారు. రాత్రి గట్ల మీద నడక అక్కడ ఎవరికీ వద్దు. ఆ మామిడితోటలో డిసెంబరు నుంచి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు, మీరున్న రోజుల్లో పిచికారీ లేకుండా చూడమని చెప్పాలి.

కార్తీకంలో కావలి దగ్గర చేసుకునే వనభోజనానికి ఒక జాగ్రత్త. పొయ్యి రాజేయకముందు తలెత్తి చెట్లు చూడండి. కొమ్మకు పెద్ద తేనెపట్టు ఉంటే పొగకు తేనెటీగలు లేచి గుంపు మీద పడతాయి. ఉసిరి చెట్టుకు దండం పెట్టుకుని, వంట మాత్రం దూరంగా, గాలి వాలు చూసి చేయండి.

భోజనం సంగతి ముందు రోజు సాయంత్రం ఐదింటిలోపు తేల్చేయాలి. నాటుకోళ్లు, చేపలు ఊళ్లో పొద్దున్నే దొరుకుతాయి, మీరు దిగాక చెబితే ఫారం కోడే వస్తుంది. మాంసం తినేవాళ్లు ఎనిమిది మందనుకుంటే, శుభ్రం చేశాక కిలో తూగే నాటుకోళ్లు రెండున్నర, అంటే మూడు చెప్పండి. ముదురు కోడి ఉడకడానికి గంటన్నర పడుతుందని గుర్తుంచుకుని సమయం చెప్పండి. చేపల పులుసుకు రెండు కిలోల కొరమీను. పులుసు పూటముందు కాచి ఉంచితే ముక్కకు పులుపు పడుతుంది. రాత్రి కాచి పొద్దున దోశల్లోకి వడ్డించమంటే నెల్లూరు మనిషికి వేరే విందు అక్కర్లేదు. అమ్మకు పూజలు, నియమాలు ఉంటే శాకాహారానికి వేరే గిన్నె, వేరే గరిటె అని విడిగా చెప్పండి. చెప్పకపోతే ఎవరూ పాటించరు.

డబ్బు దగ్గర అడగాల్సినవి కొన్నే. చెప్పిన ధరలో భోజనాలు, నెగడు, అదనపు పరుపులు, డ్రైవరు బస కలిసి ఉన్నాయా? రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. ధర 7,500 దగ్గరగా ఉంటే ఆ తేడా పెద్దదే. అడ్వాన్సు పంపేముందు యూపీఐలో కనిపించే పేరు, బస పేరు సరిపోలుతున్నాయో చూడండి. బోర్డు, ఫోటోలు దొంగిలించి నకిలీ పేజీలు పెట్టేవాళ్లున్నారు. మోసం జరిగిందనిపిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, గంటల తేడాలోనే డబ్బు ఆపే వీలుంటుంది. తమ్ముడి కుటుంబంలో అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లుంటే, దిగిన 24 గంటల్లోగా యజమాని వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. చాలా చిన్న బసలకు ఈ సంగతి తెలియదు. తెలుసా అని అడగండి, పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు వెంట ఉంచుకోండి. మీ గుర్తింపుకు ఆధార్ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

మాటలన్నీ అయ్యాక వాట్సాప్‌లో ఇలా రాసి, అవుననిపించుకుని, అప్పుడే డబ్బు పంపండి:

"ఫలానా తేదీల్లో నాలుగు కాటేజీలు, పదకొండు మందికి, రెండు రాత్రులు, మూడు పూటల భోజనంతో మొత్తం ఇంత, పన్నుతో కలిపి. డ్రైవరుకు బస, భోజనం ఇందులోనే. భోజనాల చోటుకు దగ్గరి కాటేజీ మా అమ్మానాన్నలకు. కరెంటు పోతే జనరేటరు రాత్రంతా నడుస్తుంది. వాతావరణ శాఖ మీ జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే అడ్వాన్సు వెనక్కివ్వడం గానీ తేదీ మార్చడం గానీ మా ఇష్టం. రాత్రి మాతోపాటు మీ మనిషి ఒకరు బసలోనే ఉంటారు, ఆయన ఫోను నంబరు ఇస్తారు."

చివరి వాక్యం తీసేయమంటే ఆ చోటు వదిలేయండి. తాళాలిచ్చి ఊళ్లోకి వెళ్లిపోయే యజమానులున్నారు, రాత్రి మోటారు ఆగినా గేటు తాళం పడినా పలికేవాడుండడు. కావలిలో మీవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి అక్కడికి వెళ్లి రమ్మనండి. పగలొద్దు, రాత్రి ఏడున్నరకు. దీపాలెన్ని వెలుగుతున్నాయో, కుక్కలెన్నున్నాయో, ఎంత హోరు వినిపిస్తోందో ఆ వేళ తెలుస్తుంది.

తిరిగొచ్చిన మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే తోటలో ఉండి వచ్చామని డాక్టరుకు చెప్పండి. పొదల్లోని నల్లికన్నా చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ మన జిల్లాల్లో ఉంది. ఒంటి మీద ఎక్కడైనా, చంకల్లో, నడుము దగ్గర, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. తొందరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది. తమ్ముడు అమెరికా వెళ్లాక జ్వరమొస్తే అక్కడి డాక్టరుకు ఈ పేరు తట్టకపోవచ్చు, కాబట్టి అతనికి రాసి ఇవ్వండి.

నాన్నగారికి చెప్పకుండా తీసుకెళ్లడం వద్దు. ఆయన మందులు, సూదులు, కళ్లజోడు, అలవాటైన దిండు ఆయనే సర్దుకోవాలి. మీరు సర్దితే ఒకటి మర్చిపోతారు, అక్కడ మందుల షాపుండదు. రెండు రాత్రులు ఎక్కడ పడుకుంటామో, బాత్రూం ఎలా ఉంటుందో తెలిస్తేనే ఆ వయసువాళ్లకు నిమ్మళంగా ఉంటుంది. తమ్ముడి ముచ్చట కూడా తీరాలంటే చోటు, తేదీ చెప్పేసి, ఎవరెవరు వస్తున్నారన్నది మాత్రం దాచండి. ఆయన పాత స్నేహితుల్లో కావలిలోనో కందుకూరులోనో ఉన్నవాళ్లను ఒకరిద్దరిని రెండోరోజు మధ్యాహ్న భోజనానికి పిలవండి. వాళ్లకు కూడా కలిపి వంటమనిషికి లెక్క చెప్పడం మర్చిపోకండి.